పాత కెమెరాను ఇన్‌ఫ్రారెడ్‌కి మార్చడం: కోనసీమలో తీయాలనుకునేవారికి

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. ఇంట్లో రెండు పాత కెమెరాలున్నాయి: కానన్ పవర్‌షాట్ ఏ620, నికాన్ డీ70. రాజోలు చుట్టుపక్కల కొబ్బరితోటలు, కాలువలు ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే ఎరుపును దాటి కంటికి కనిపించని వెలుగులో, తీయాలనుంది. రెండింటిలో దేన్ని మార్చాలి? ఫిల్టర్ 720 తీసుకోవాలా, 850 తీసుకోవాలా (ఎన్ని నానోమీటర్లు దాటిన వెలుగును లోపలికి వదులుతుందో చెప్పే అంకెలివి)? ఇంట్లోనే చేసుకోవచ్చా? ఆ కెమెరాతో నాన్నగారి వరిచేలో తెగులును ముందే కనిపెట్టవచ్చా? నాలుగింటికీ చెబుతాను. సమాధానం కాస్త పొడుగవుతుంది, ఎందుకంటే ఈ పనిలో తొందరపడితే కెమెరా పోవడమే కాదు, చేతికి కరెంటు షాకు కూడా తగలొచ్చు.

ముందు తేల్చి చెప్పాల్సింది: ఏ620ని విప్పండి, డీ70 జోలికి పోకండి. చాలామంది దీనికి తిరగేసి ఆలోచిస్తారు. పెద్ద కెమెరా, పెద్ద సెన్సర్, లెన్సులు మార్చుకోవచ్చు, కాబట్టి అదే మేలనుకుంటారు. కానీ మార్చడానికి కెమెరాను ఎంచుకునేటప్పుడు చూడాల్సింది మెగాపిక్సెళ్లు కాదు, అది ఫోకస్ ఎలా చేస్తుందన్నది.

డీ70 లాంటి ఎస్‌ఎల్‌ఆర్‌లో (లోపలి అద్దం ద్వారా వ్యూఫైండర్‌లో బొమ్మ చూపించే కెమెరాలో) ఫోకస్ చూసే సెన్సర్ వేరు, ఫోటో తీసే సెన్సర్ వేరు. అద్దం కింద ఉండే ఫోకస్ సెన్సర్ మామూలు వెలుతురుకు సరిచేసి ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు అదే లెన్సు గుండా వచ్చినా కొంచెం వెనకగా కలుస్తాయి. అందుకని వ్యూఫైండర్‌లో అంతా స్పష్టంగా కనిపించి, ఫోటోలో మాత్రం మసకగా వస్తుంది. దాన్ని సరిచేయాలంటే లోపల ఫోకస్ కాలిబ్రేషన్ చేయాలి, అదీ ఒక లెన్సుకు కుదిరింది ఇంకో లెన్సుకు కుదరకపోవచ్చు. పైగా ఆ కెమెరాలో లైవ్ వ్యూ, అంటే తీసేముందే స్క్రీన్ మీద బొమ్మ చూసే వీలు, లేదు. లెన్సు ముందు నల్లటి ఫిల్టర్ పెడితే వ్యూఫైండర్ మొత్తం చీకటి. ఏ620లో ఈ గొడవేమీ లేదు. ఫోటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూస్తుంది. అది ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే ఇన్‌ఫ్రారెడ్‌లోనే ఫోకస్ పడుతుంది. స్క్రీన్ మీద మీకు కనిపించేదీ అదే. మిర్రర్‌లెస్ కెమెరాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఏ620కి ఇంకో మూడు సుగుణాలున్నాయి. నాలుగు మామూలు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. లెన్సు చుట్టూ ఉన్న రింగు తీసి 58 మిల్లీమీటర్ల దారాలున్న అడాప్టర్ గొట్టం బిగించవచ్చు. సీహెచ్‌డీకే అనే ఉచిత ప్రోగ్రాం కార్డులో వేస్తే రా ఫైళ్లు (కెమెరా ఏ మార్పూ చేయని ముడి ఫోటోలు) కూడా ఇస్తుంది. కార్డు మాత్రం 2 జీబీకి మించని మామూలు ఎస్‌డీ కార్డే వాడండి.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. లోపల ఏముందో తెలియకుండా విప్పకూడదు.

మన కంటికి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా కనిపిస్తుంది. సెన్సర్‌లోని సిలికాన్‌కి దాదాపు 1100 దాకా కనిపిస్తుంది. ఆ అదనపు వెలుగు రంగుల్ని పాడుచేస్తుంది కాబట్టి, తయారీదారులు సెన్సర్ ముందు లేత నీలి ఆకుపచ్చ ఛాయ ఉన్న చిన్న గాజుబిళ్ల పెట్టి దాన్ని ఆపేస్తారు. మనం చేసే మార్పు అంతా ఆ బిళ్లను తీసి, దాని స్థానంలో వేరే గాజు పెట్టడమే. సెన్సర్‌ని ముట్టుకునే పని లేదు.

ఇది వేడిని చూపించే కెమెరా కాదు. మనిషి ఒంటి వేడి, మోటారు వేడి కనిపించే కెమెరాలు 8 నుంచి 14 మైక్రాన్ల (మైక్రాన్ అంటే 1000 నానోమీటర్లు) దగ్గర పనిచేస్తాయి. మనది దాదాపు 1.1 మైక్రాన్ల లోపు. ఇక్కడ కనిపించేది ఎండలోని ఇన్‌ఫ్రారెడ్ వస్తువుల మీద పడి తిరిగివచ్చిన వెలుగే. ఆకులు తెల్లగా రావడానికి కారణం కూడా వేడి కాదు. పత్రహరితం ఎర్ర వెలుగును తినేస్తుంది కానీ, 700 దాటాక దానికి ఆ వెలుగు పట్టదు. ఆకు లోపల కణాలకీ వాటి మధ్య గాలి గదులకీ మధ్య ఆ వెలుగు అటూ ఇటూ చెదిరి బయటికి వచ్చేస్తుంది, సబ్బునీళ్లకి రంగు లేకపోయినా నురగ తెల్లగా కనబడినట్టే. ఆరోగ్యంగా ఉన్న ఆకు తన మీద పడిన ఇన్‌ఫ్రారెడ్‌లో సగానికి దగ్గరగా వెనక్కి పంపేస్తుంది. రాబర్ట్ వుడ్ అనే శాస్త్రవేత్త 1910లో ఇలాంటి ఫోటోలు తీసి లోకానికి చూపించాడు. దీన్ని వుడ్ ఎఫెక్ట్ అనడం ఆయన పేరుమీదే.

మీ ఊరి నుంచి కడియం దూరమేమీ కాదు కదా. అక్కడి నర్సరీల్లో క్రోటన్ మొక్కల వరుసలు ఒకసారి తీసి చూడండి. ఎరుపు, పసుపు, ఊదా, ఆకుపచ్చ ఆకులన్నీ దాదాపు ఒకే తెలుపులో వస్తాయి. ఆకుకి ఎర్రరంగు ఇచ్చే పదార్థం కూడా ఇన్‌ఫ్రారెడ్‌కి అడ్డం కాదు. నాలుగు పుస్తకాలు చదివినదానికంటే ఆ ఒక్క ఫోటో ఈ సంగతిని బాగా చెబుతుంది.

అసలు విప్పాలా, ఫిల్టర్ ఒకటి కొని ముందు బిగిస్తే సరిపోదా అని కూడా అడగాలి. డీ70లో లోపలి అడ్డుగాజు కొంచెం బలహీనమైనది. 720 ఫిల్టర్ పెట్టి మధ్యాహ్నం ఎండలో ట్రైపాడ్ మీద తీస్తే, సెకను అటూ ఇటూగా ఎక్స్‌పోజర్‌తో ఫోటో వచ్చేస్తుంది. కదలని వాటికి అది చాలు. ధవళేశ్వరం బ్యారేజీ, గుడి గోపురం, పి.గన్నవరం దగ్గర అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన) లాంటివి హాయిగా తీసుకోవచ్చు. కానీ కోనసీమలో కదలనిది ఏముంది? సముద్రపు గాలి మధ్యాహ్నానికే లేస్తుంది. కొబ్బరి మట్ట ఒక్క క్షణం నిలవదు. సెకను ఎక్స్‌పోజర్‌లో చెట్టు మొదలు స్పష్టంగా, తలకాయ దూదిపింజలా వస్తుంది. కాలువలో పడవ, గట్టు మీద సైకిలు, రేవు దాటే పంటు, ఏదీ ఆగదు. కెమెరాను మారిస్తే ఇవన్నీ 1/125, 1/250 సెకన్లలో చేత్తో పట్టుకుని తీయవచ్చు. మార్చడానికి నేను ఒప్పుకునే అసలు కారణం ఇదొక్కటే. ఈ నేల ఇన్‌ఫ్రారెడ్‌కి ఎంత అనువైనదో, ట్రైపాడ్ మీద తీసే ఇన్‌ఫ్రారెడ్‌కి అంత అననుకూలమైనది.

అందుకని వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఒక 720 ఫిల్టర్ కొనండి. డీ70తో వచ్చిన 18-70 లెన్సు మీ దగ్గరుంటే దాని దారాలు 67 మిల్లీమీటర్లు, కాబట్టి 67 సైజే తీసుకుని, ఏ620 గొట్టానికి 58 నుంచి 67కి పెంచే రింగు ఒకటి కొనుక్కోండి. ఒకే ఫిల్టర్ రెండింటికీ పనికొస్తుంది. డీ70 మీద కొన్నాళ్లు తీయండి. ఆ నలుపు తెలుపుల లోకం మీకు నిజంగా నచ్చిందనిపిస్తేనే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

720, 850 సంగతి. 720లో సెన్సర్ మీదున్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం గడుల మధ్య ఇంకా కొంచెం తేడా మిగులుతుంది, కాబట్టి కాస్త రంగు వస్తుంది, ఆకాశాన్ని నీలంగా చేసుకునే వీలుంటుంది. 850 దగ్గర మూడు గడులూ ఒకేలా చూస్తాయి, వచ్చేది శుద్ధమైన నలుపు తెలుపు. ఆకాశం ఇంకా నల్లబడుతుంది, ఎక్స్‌పోజర్ కూడా పెరుగుతుంది. 720తో తీసినదాన్ని నలుపు తెలుపుగా మార్చుకోవచ్చు, 850తో తీసినదానికి రంగు తెచ్చుకోలేరు. కాబట్టి 720. ఆకుల్ని బంగారు రంగులో చూపించే 590 కూడా ఉంది. కొబ్బరితోటల మీద ఆ రంగు నాకు ఎబ్బెట్టుగా తోస్తుంది, పెళ్లి ఫోటోలవాళ్లు ఇష్టపడతారు.

ఏ620 లోపల 720 గాజు పెట్టకండి, మామూలు తెల్లగాజు పెట్టండి. అప్పుడు కెమెరాకి అంతా కనిపిస్తుంది, కనిపించేదీ కనిపించనిదీ కూడా. బయట ఏ ఫిల్టర్ బిగిస్తే ఆ ఫోటో వస్తుంది. స్క్రీన్ మీద చూసి తీసే కెమెరా కాబట్టి బయట నల్ల ఫిల్టర్ ఉన్నా ఇబ్బంది లేదు. పైగా తెల్లగాజు దొరకడం తేలిక. కాలేజీ ల్యాబుల్లో మైక్రోస్కోపు కింద పెట్టే గాజు స్లైడు సుమారు 1 మిల్లీమీటరు మందం ఉంటుంది, చదునుగా, శుభ్రంగా ఉంటుంది.

మందం ఎందుకు ముఖ్యమో చెప్పాలి, ఇక్కడే ఎక్కువ కెమెరాలు పనికిరాకుండా పోతాయి. గాజుబిళ్ల వెలుగు కలిసే చోటును కొంచెం వెనక్కి నెడుతుంది, తన మందంలో దాదాపు మూడోవంతు. 1 మిల్లీమీటరు బిళ్లను తీసేసి ఏమీ పెట్టకపోతే బొమ్మ సెన్సర్‌కి 0.3 మిల్లీమీటర్లు ముందే కలుస్తుంది. వినడానికి చిన్నదే. కానీ ఈ బుల్లి కెమెరా లెన్సుకు అది చాలా దూరం. బొమ్మను మళ్లీ సెన్సర్ మీదికి తేవాలంటే లెన్సు ఇంకా వెనక్కి జరగాలి, దానికి జరిగే చోటు లేదు. అరచేతిలోని పువ్వు ఫోకస్‌లోకి వస్తుంది, కాలువ అవతలి తోట మాత్రం ఎప్పటికీ రాదు. అదే గాజు కొంచెం మందమైతే లెన్సు ముందుకు జరిగి సర్దుకుంటుంది, బాగా దగ్గరివి తీయలేకపోవడం ఒక్కటే నష్టం. అందుకని తీసిన బిళ్ల మందాన్ని స్క్రూగేజితో కొలిచి, అంతే మందం ఉన్నది పెట్టండి. సరిగ్గా దొరకకపోతే పలచన కంటే మందం మేలు.

ఇక విప్పడం. రోజు ఎంచుకోవడం కూడా ఇందులో భాగమే. వానాకాలం వద్దు. ఆ తేమలో గాజును మూస్తే లోపల చిక్కుకున్న గాలి చల్లబడినప్పుడు మసక కడుతుంది. సంక్రాంతి దాటాక పొడిగా ఉండే రోజుల్లో, ఫ్యాను ఆపేసి, నేల తడిగుడ్డతో తుడిచి, తెల్లటి దుప్పటి పరిచిన బల్ల మీద చేయండి. చిన్న స్క్రూ కింద పడినా కనిపిస్తుంది.

విప్పకముందు కెమెరా సరిగ్గా పనిచేస్తోందో చూసుకోండి. 2002 నుంచి 2004 మధ్య తయారైన కొన్ని సీసీడీ రకం సెన్సర్లలో లోపలి తీగల అతుకులు వేడికి, తేమకి వదిలేసేవి. బొమ్మ ఊదారంగులోకి తిరగడం, గీతలు పడడం, నల్లబడిపోవడం దాని గుర్తులు. మీది ఆ తర్వాతి కెమెరానే, అయినా చూసుకోవడంలో తప్పులేదు. వాళ్లింట్లో వీళ్లింట్లో పాతది అడిగి తెచ్చుకునేవాళ్లకి ఇది ముఖ్యం. అలాగే లెన్సులో బూజు ఉందేమో టార్చిలైటు వేసి చూడండి. మన దగ్గర బీరువాలో పదేళ్లు ఊరికే పడున్న కెమెరాకి బూజు పట్టకుండా ఉండడమే ఆశ్చర్యం. చివరగా టీవీ రిమోట్‌ని లెన్సుకు ఎదురుగా పెట్టి బటన్ నొక్కి, స్క్రీన్ మీద ఎంత వెలుగు కనిపిస్తుందో గుర్తుపెట్టుకోండి. మామూలు రిమోట్ 940 నానోమీటర్ల దగ్గర మెరుస్తుంది. పని పూర్తయ్యాక ఇదే పరీక్ష మళ్లీ చేస్తారు.

సామాను: మంచి రకం సన్నటి స్టార్ స్క్రూడ్రైవర్, ట్వీజర్, గాలి కొట్టే రబ్బరు బ్లోయర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మల్టీమీటర్, 1 కిలో ఓమ్ 5 వాట్ల రెసిస్టర్. స్క్రూడ్రైవర్ దగ్గర పీనాసితనం వద్దు. తల అరిగిన స్క్రూ ఒక్కటి చాలు, పని అక్కడే ఆగిపోతుంది. తెల్లకాగితం మీద కెమెరా బొమ్మ గీసి, రెండువైపులా అంటుకునే టేపు వేసి, ఏ చోటి స్క్రూని ఆ చోటే అంటించండి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ పొడవులు వేరు. పొడుగుదాన్ని పొట్టిదాని చోట బిగిస్తే లోపల బోర్డు పగులుతుంది. ప్రతి అడుగులో ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

బ్యాటరీలు, కార్డు తీసేయండి. తీసేశాక కూడా కెమెరాలో కరెంటు ఉంటుంది. ఫ్లాష్ పక్కన చిటికెనవేలంత నల్లటి గొట్టంలా ఉండేది కెపాసిటర్. అది నిండి ఉంటే దాదాపు 300 వోల్టులు. బ్యాటరీ తీసి చాలాసేపైనా అది నిండే ఉండొచ్చు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. వెనక కవరు ఊడాక దాని రెండు కాళ్లకీ రెసిస్టర్ తగిలించి అయిదు సెకన్లు పట్టుకోండి. రెసిస్టర్ తీగలకు ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, చేత్తో లోహాన్ని పట్టుకోకూడదు, రెండో చేయి జేబులో ఉండాలి. తర్వాత మల్టీమీటర్‌తో కొలిచి 5 వోల్టుల లోపు ఉందని చూశాకే ముందుకు వెళ్లండి. కొన్ని నిమిషాలకు కొద్దిగా వోల్టేజీ మళ్లీ పైకి రావచ్చు, కాబట్టి ఇంకోసారి కొలవండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసేయమని చెప్పే వీడియోలు కనిపిస్తాయి. అలా చేయకండి, బోర్డు కాలుతుంది, చేతిలో నిప్పురవ్వ పడుతుంది. పని మధ్యలో పరీక్ష కోసం బ్యాటరీ వేస్తే కెపాసిటర్ మళ్లీ నిండుతుంది, మళ్లీ ఖాళీ చేయాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గది తలుపు వేసుకోండి. ఒక్కరే కాకుండా పెద్దవాళ్లు ఎవరైనా పక్కన ఉంటే ఇంకా మంచిది.

స్క్రీన్, బోర్డు పక్కకి తీసేటప్పుడు రిబ్బన్ కేబుళ్లు వస్తాయి. వాటిని గుంజకూడదు. ఒక్కోదానికి చిన్న లాకు ఉంటుంది, కొన్ని పైకి లేస్తాయి, కొన్ని పక్కకి జరుగుతాయి. గోటితోనో ప్లాస్టిక్ ముక్కతోనో లాకు తీశాక కేబుల్ తనంతట తనే వదులవుతుంది.

లెన్సు వెనక లోహపు పలక మీద సెన్సర్ ఉంటుంది. ఈ తరం ఏ సిరీస్ కెమెరాల్లో సాధారణంగా దాన్ని మూడు స్క్రూలు పట్టి ఉంచుతాయి, వాటి మీద చుక్క గమ్ వేసి ఉండొచ్చు. ఆ గమ్ ఎందుకంటే, సెన్సర్ లెన్సుకు సమాంతరంగా ఉండేలా ఫ్యాక్టరీలో సరిచేశారు కాబట్టి. విప్పేముందు ప్రతి స్క్రూ తల మీదా పక్కనా సన్నటి మార్కర్‌తో గీత పెట్టండి. ఎన్ని చుట్లు తిరిగితే ఊడిందో రాసుకోండి. బిగించేటప్పుడు అన్నే చుట్లు. కింద పలచటి రేకు వాషర్లుంటే ఏ స్క్రూ కింద ఏది ఉందో తప్పకూడదు. ఇక్కడ తేడా వస్తే ఫోటోలో ఎడమవైపు స్పష్టంగా, కుడివైపు మసకగా వస్తుంది. సెన్సర్‌ని లెన్సుకు జిగురుతో అంటించిన మోడళ్లు కొన్ని ఉంటాయి. వేరే కెమెరా తీసుకున్నవాళ్లకి అలాంటిది ఎదురైతే అక్కడితో ఆగి మూసేయండి.

పలక లేవగానే సెన్సర్ కనిపిస్తుంది. దానికీ లెన్సుకీ మధ్య రబ్బరు చట్రంలో ఆ నీలి ఆకుపచ్చ బిళ్ల ఉంటుంది. రబ్బరును జాగ్రత్తగా తీసి దాచండి, దుమ్ము లోపలికి పోకుండా ఆపేది అదే. బిళ్లను ట్వీజర్‌తో అంచులు పట్టి తీయండి, పారేయకండి. ఎప్పుడైనా కెమెరాను మామూలుగా మార్చాలనుకుంటే కావాలి. సెన్సర్ మీద తెల్లటి గాజు కప్పు ఒకటి ఉంటుంది, అది సెన్సర్‌లో భాగం, దాన్ని కదపకూడదు. తొలిసారి చేసేవాళ్లు ఆ రెండింటికీ తేడా తెలియక గాజు కప్పును పెళ్లగించే ప్రమాదం ఉంది. రంగు ఛాయ ఉన్నదే మనం తీసేది.

స్లైడును ఆ కొలతకి గాజు కోసే పెన్నుతో గీసి విరవాలి. కళ్లద్దాలు పెట్టుకోండి. ఈ కోత ఇంకో గదిలో చేయండి, గాజుపొడి సెన్సర్ దగ్గరికి రాకూడదు. అంచులు నీళ్లలో తడిపిన సన్నటి ఎమెరీ కాగితం మీద రుద్ది, కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, బ్లోయర్ కొట్టి పెట్టండి. నోటితో ఊదకండి. మూసేముందు సెన్సర్ మీద, గాజు రెండువైపులా టార్చి వాలుగా వేసి చూడండి. ఇప్పుడు వదిలేసిన ఒక్క నలుసు తర్వాత ప్రతి ఆకాశంలోనూ కనిపిస్తుంది. ఈ శుభ్రతకే ఎక్కువ సమయం పడుతుంది, పట్టనివ్వండి.

మూసి, బ్యాటరీ వేసి, రిమోట్ పరీక్ష చేయండి. ఇంతకుముందు మినుకుమన్నది ఇప్పుడు టార్చిలా వెలుగుతుంది. ఫిల్టర్ లేకుండా చూస్తే రంగులన్నీ గులాబీ ఛాయలోకి తిరుగుతాయి, అది సరైనదే. తర్వాత దూరంగా ఉన్న సెల్ టవర్ ఒకటి తీసి ఫోకస్ అందుతోందో లేదో చూడండి.

తీయడంలో ముందు వైట్ బ్యాలెన్స్, అంటే దేన్ని తెలుపుగా చూపాలో కెమెరాకి చెప్పడం. 720 ఫిల్టర్ బిగించగానే స్క్రీన్ అంతా ఎర్రగా ఉంటుంది. కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌లోకి వెళ్లి ఎండలో ఉన్న పచ్చగడ్డినో వరిచేనునో చూపించి సెట్ చేయండి. ఆకులు తెల్లగా, ఆకాశం గోధుమ రంగులో వస్తాయి. ఆ ఆకాశాన్ని నీలం చేయాలంటే జింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చానెల్ మిక్సర్ తెరిచి, ఎరుపు చానెల్‌లో ఎరుపు 0, నీలం 100, నీలం చానెల్‌లో ఎరుపు 100, నీలం 0 పెట్టండి (కొత్త జింప్‌లో 100 బదులు 1 పెట్టాలి). రా ఫైళ్లయితే రాథెరపీ, డార్క్‌టేబుల్ రెండూ ఉచితమే. డబ్బు పెట్టి కొనే కొన్ని సాఫ్ట్‌వేర్లలో వైట్ బ్యాలెన్స్ స్లైడర్ 2000 కెల్విన్ల దగ్గరే ఆగిపోతుంది, ఫోటో ఎర్రగానే ఉండిపోతుంది. అప్పుడు ప్రత్యేకంగా కెమెరా ప్రొఫైల్ చేసుకోవాలి.

ఎపర్చరు, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, మరీ మూయకండి (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది). వెలుగు తరంగం పొడుగయ్యేకొద్దీ అంచుల దగ్గర చెదరడం పెరుగుతుంది. పెద్ద కెమెరాలో మామూలు వెలుగుకి ఎఫ్/11 దగ్గర వచ్చే మెత్తదనం ఇన్‌ఫ్రారెడ్‌లో ఎఫ్/8 దగ్గరే వచ్చేస్తుంది. ఇంత చిన్న సెన్సర్‌కి అది ఇంకా ముందే మొదలవుతుంది, కాబట్టి ఎఫ్/4 చుట్టూ ఉంచండి. ఎపర్చరు మూసేకొద్దీ ఫోటో మధ్యలో తెల్లటి మచ్చ వచ్చే జబ్బు కొన్ని లెన్సులకు ఉంటుంది, దానికీ ఇదే మందు. ఎక్స్‌పోజర్ చూసేటప్పుడు హిస్టోగ్రాంలో (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫులో) ఎరుపుని నమ్మండి, వెలుగు ఎక్కువై వివరాలు ముందు పోయేది అందులోనే.

మన ప్రాంతంలో ఎప్పుడు తీయాలన్నదాని మీద కొంచెం ఎక్కువ చెబుతాను, నాకు ఇష్టమైన భాగం ఇది. మామూలు ఫోటోలకి పనికిరాని నడిమధ్యాహ్నపు ఎండ దీనికి బాగా పనికొస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం దాటి వాన వెలిసిన మర్నాడు ఆకాశం కడిగినట్టుంటుంది, తెల్లటి మబ్బులు విడివిడిగా తేలుతుంటాయి. ఆ రోజు పని మానుకునైనా వెళ్లండి. సూర్యుడికి ఎదురు దిక్కున ఆకాశం దాదాపు నల్లగా వస్తుంది, మబ్బులు దాని మీద చెక్కినట్టు నిలబడతాయి.

దూరపు పొగచూరుతనాన్ని ఇన్‌ఫ్రారెడ్ చీల్చుకుని వెళ్తుంది. గాలిలోని సూక్ష్మ కణాల మీద 450 నానోమీటర్ల నీలి వెలుగు 800 నానోమీటర్ల వెలుగు కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ చెదురుతుంది. వేసవిలో దేవీపట్నం వైపు నుంచి కంటికి లీలగా కనిపించే పాపికొండలు ఇందులో గీత గీసినట్టు వస్తాయి. కానీ ధనుర్మాసం పొగమంచు అలా కాదు. అందులో ఉన్నవి నీటి బిందువులు, వెలుగు తరంగం కంటే చాలా పెద్దవి. వాటి ముందు ఇన్‌ఫ్రారెడ్ కూడా నిలబడిపోతుంది.

నీళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. తేటనీరు ఇన్‌ఫ్రారెడ్‌ని పీల్చేస్తుంది, కాబట్టి కాలువ నల్లగా వస్తుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో అల్లుకున్న కాలువలన్నీ మనకి సిద్ధంగా గీసిపెట్టిన నల్లగీతలు. ఇరువైపులా తెల్లటి కొబ్బరిచెట్లు, మధ్యలో నల్లటి నీరు, అంతకంటే బలమైన కూర్పు ఈ పద్ధతికి ఎక్కడ దొరుకుతుంది? గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. ఒండ్రు కలిసిన నీరు ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి చెదరగొడుతుంది, అందుకే వరదనీరు బూడిదరంగులో వస్తుంది. ఎర్రనీరూ పక్క మురుగుకాలువ తేటనీరూ కలిసేచోట ఆ హద్దు కంటికంటే కెమెరాకే స్పష్టం. కోరంగి మడ అడవుల్లో పోటు సమయంలో తీయండి. ఆటు సమయంలో వేళ్లు బాగా కనిపిస్తాయి కానీ బురద, నీరు, వేళ్లు అన్నీ ఒకే ముదురులో కలిసిపోయే అవకాశం ఎక్కువ.

ఇది గట్టిగానే చెబుతున్నాను: రేవుల్లో, స్నానఘట్టాల్లో ఈ కెమెరా మనుషుల వైపు తిప్పకండి. కొన్ని పలచటి సింథటిక్ బట్టలు ఇన్‌ఫ్రారెడ్‌లో పారదర్శకంగా కనిపిస్తాయి. 1998లో సోనీ తన వీడియో కెమెరాల్లో చీకట్లో ఇన్‌ఫ్రారెడ్‌తో తీసే నైట్‌షాట్ సదుపాయాన్ని మార్చింది ఈ కారణంతోనే. మనుషుల్ని తీయాలంటే అడిగి, విషయం చెప్పి, తీసింది వాళ్లకి చూపించండి. చర్మం మైనంలా నునుపుగా, కళ్లు నల్లగా వస్తాయి, నల్లగొడుగు కూడా తెల్లబడవచ్చు. పెద్దవాళ్లు ఆ ఫోటో చూసి భయపడకుండా ముందే చెప్పడం మంచిది.

పని అయ్యాక కెమెరాను తోలు సంచిలో ఉంచకండి. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. రంగు మారే రకం గింజలైతే తేమ పట్టినట్టు తెలుస్తుంది, వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

చివరి ప్రశ్న, నాన్నగారి చేను. సార్వా (ఖరీఫ్) ఊడ్పులైన కొత్తలో చేను నల్లగా వస్తుంది, ఎందుకంటే కెమెరా చూసేది మొక్కల మధ్య నీటిని. పిలకలు తొడిగి గుబురయ్యేకొద్దీ తెల్లబడుతుంది. కోతకి ఎండేసరికి మళ్లీ ముదురుతుంది. వారం వారం ఒకే చోటు నుంచి తీస్తే ఈ మార్పు చూడడానికి ఎంతో బాగుంటుంది. కానీ తెగులును ముందే పట్టుకోవడానికి ఒక్క 720 ఫోటో చాలదు. ఎండ తగ్గినా, మబ్బు పట్టినా, మీరు నిలబడిన కోణం మారినా ఆ తెలుపు మారిపోతుంది. దోమపోటుకి మాడిన గుండ్రటి మచ్చ ఇందులో ముదురుగా వస్తుంది నిజమే, అయితే అప్పటికి అది గట్టు మీద నిలబడ్డ రైతు కంటికీ కనిపిస్తుంది. శాస్త్రవేత్తలు వాడేది ఎర్ర వెలుగునీ ఇన్‌ఫ్రారెడ్‌నీ పోల్చే లెక్క: రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తారు, దాన్నే ఎన్‌డీవీఐ అంటారు. ఆ లెక్క మీకు ఉచితంగానే దొరుకుతుంది. సెంటినెల్-2 ఉపగ్రహాల బొమ్మలు 10 మీటర్ల స్పష్టతతో, సాధారణంగా అయిదు రోజులకోసారి వస్తాయి. ఆ బొమ్మలు చూపే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో మీ చేను వెతికి ఎన్‌డీవీఐ పొర ఎంచుకోండి. సార్వాలో మబ్బుల వల్ల చాలా తేదీలు పనికిరావు, దాళ్వాలో (రబీలో) మాత్రం బొమ్మలు బాగా దొరుకుతాయి. పక్క చేలతో పోల్చి ఎక్కడైనా తగ్గినట్టుంటే ఆ మడిలోకి దిగి దుబ్బుల మొదళ్లు విప్పి చూడండి. అక్కడి మొక్క ఒకటి పీకి ఊళ్లోని వ్యవసాయ సహాయకుడికో, మార్టేరు వరి పరిశోధనా స్థానం వాళ్లకో చూపించండి. మందు కొట్టాలా వద్దా అన్నది వాళ్లు చెప్పాక తేల్చుకోండి.